రెండు శాతం ఎవరి లెక్కలో?

ఆన్‌లైన్‌లో ఏదైనా కొనేటప్పుడు, ఇక డబ్బు కట్టడమే తరువాయి అనుకున్న పేజీలో బిల్లు కింద మరో వరుస చేరుతుంది. ఒకచోట దాని పేరు కన్వీనియన్స్ ఫీజు, ఇంకోచోట హ్యాండ్లింగ్ ఛార్జీ, మరోచోట గేట్‌వే ఛార్జీ. ఈ పేర్ల వెనక ఉన్నవి రెండు వేరువేరు సంగతులు. మొదటిది, కొనేవాళ్ల డబ్బును అమ్మేవాళ్ల ఖాతాకు చేర్చినందుకు బ్యాంకులూ మధ్యవర్తి సంస్థలూ పట్టుకునే కమీషన్. రెండోది, ఆ కమీషన్‌తో నిమిత్తం లేకుండా అమ్మేవాళ్లే వేసుకునే రుసుము. మొదటిదాన్ని కొనేవాళ్ల నెత్తిన వేయడం న్యాయమా అంటే రెండువైపులా వాదించవచ్చు. రెండోదానికి మొదటిదాని వేషం వేయడాన్ని సమర్థించడం మాత్రం కష్టం. మన దేశంలో ఈ రెండూ ఒకే వరుసలో, ఒకే పేరుతో కలగలిసిపోయాయి. తగువులో సగం అక్కడే ఉంది.

క్రెడిట్ కార్డుతో 1,000 రూపాయలు కడితే అమ్మేవాళ్లకు 1,000 ముట్టదు. కార్డు ఇచ్చిన బ్యాంకు అందులో కొంత ఉంచుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద వాటా దానిదే, పేరు ఇంటర్‌చేంజ్. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్ కొంత తీసుకుంటుంది. అమ్మేవాళ్ల తరఫున డబ్బు రాబట్టే బ్యాంకూ, ఆన్‌లైన్ అయితే మధ్యలో ఉండే పేమెంట్ అగ్రిగేటరూ మిగతాది పంచుకుంటాయి. అన్నీ కలిపితే మర్చంట్ డిస్కౌంట్ రేటు, వాడుకలో ఎండీఆర్. చిన్న వ్యాపారికి ఈ వాటాలేవీ విడివిడిగా తెలియవు. ఒకటి రెండు పనిదినాల తర్వాత ఖాతాలో పడే సొమ్ము కాస్త తక్కువగా ఉంటుంది, అంతే.

ఈ రేటు అన్ని దారుల్లోనూ ఒకటి కాదు. డెబిట్ కార్డుకు రిజర్వ్ బ్యాంకు హద్దు పెట్టింది. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదేశం ప్రకారం, ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసేవాళ్ల దగ్గర 0.40 శాతానికి మించి తీసుకోకూడదు, ఒక లావాదేవీకి 200 రూపాయలు దాటకూడదు. అంతకన్నా పెద్ద వ్యాపారులకు 0.90 శాతం, గరిష్ఠం 1,000 రూపాయలు. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకూ యూపీఐకీ ఈ ఛార్జీ సున్నా. క్రెడిట్ కార్డుకు మాత్రం రిజర్వ్ బ్యాంకు ఏ హద్దూ పెట్టలేదు. ఆన్‌లైన్ చిన్న వ్యాపారికి సాధారణంగా 2 శాతం పడుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. విదేశీ కార్డు అయితే 3 శాతం, ఆపైన కరెన్సీ మార్పిడి ఖర్చు. అమెరికాలో ఉన్న కొడుక్కి ఆవకాయ పంపించాలని గుంటూరు నుంచి ఆర్డరు పెడితే ఒక రేటు, అదే ఆవకాయకు కొడుకు డాలస్ నుంచి సొంత కార్డుతో కడితే మరో రేటు.

రెండు శాతమేగా అనిపిస్తుంది. మంగళగిరి చేనేత చీరలను వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముకునే ఒక ఇల్లాలి లెక్క తీసుకుందాం. చీర ధర 2,500. కొనేవారు పేమెంట్ లింకు తెరిచి క్రెడిట్ కార్డుతో కట్టారు. 2 శాతం అంటే 50 రూపాయలు, దాని మీద జీఎస్టీ 9 రూపాయలు, వెరసి 59. మగ్గం దగ్గర కొన్న ధర, ఫాల్స్, కొరియర్ ఖర్చు పోగా చీర మీద మిగిలేది 250 అనుకుంటే, ఆ 59 ఆమె లాభంలో దాదాపు నాలుగో వంతు. జీఎస్టీలో నమోదైన పెద్ద దుకాణం ఆ 9 రూపాయలను ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి రాబట్టుకుంటుంది. నమోదు లేని ఇల్లాలికి అదీ పోయినట్టే.

సరే, ఆ 59నీ కొనేవారి దగ్గరే తీసుకుందామని ఆమె 2,559కి లింకు పంపింది. అప్పుడు గేట్‌వే జీఎస్టీతో కలిపి 2.36 శాతం పట్టుకునేది 2,559 మీద. అంటే 60 రూపాయల 39 పైసలు. చేతికొచ్చేది 2,498 రూపాయల 61 పైసలు. ఛార్జీ మీద కూడా ఛార్జీ పడుతుందన్నమాట. నికరంగా 2,500 రావాలంటే 2,560 రూపాయల 43 పైసలకు లింకు పంపాలి. ఇంత లెక్క ఎవరు వేస్తారు? చాలామంది ‘కార్డు అయితే 3 పర్సెంట్ ఎక్స్‌ట్రా’ అని రాసేసి ఊరుకుంటారు. 3 శాతం వేస్తే లింకు 2,575. గేట్‌వే వాటా పోగా ఆమెకు మిగిలేది 2,514 రూపాయల 23 పైసలు. పద్నాలుగు రూపాయల పైచిలుకు ఇప్పుడు ఖర్చు కాదు, ఆదాయం. ఆమె దోచుకోవాలని అనుకోలేదు. గుండ్రని అంకె వేసింది. రోజుకు లక్ష టికెట్లు అమ్మే సంస్థ గుండ్రని అంకె వేస్తే దాన్ని పొరపాటు అనడం కుదరదు.

దుకాణాల్లో ఈ అలవాటు ఆన్‌లైన్ కన్నా పాతది. బంగారం కొట్లో, సెల్‌ఫోన్ షాపులో, కంప్యూటర్ విడిభాగాల దుకాణంలో బేరమంతా తెగాక, కార్డు బయటికి తీయగానే ‘కార్డయితే టూ పర్సెంట్ పడుద్ది సార్’ అన్న మాట తెలుగునాట వినని ఊరు ఉండదు. వ్యాపారి మాటలో నిజం లేకపోలేదు. లాభం పలచగా ఉండే సరుకులో 2 శాతం చిన్న మొత్తం కాదు. పైగా బేరమాడి తగ్గించింది నగదు ధర. కార్డుతో కడితే వచ్చే రివార్డు పాయింట్లు కొనేవాళ్లవి, వాటి ఖర్చు మాత్రం తన గల్లాపెట్టెలోంచి పోతుందని అతని బాధ. ఆ పాయింట్లకు సొమ్ము చాలావరకు వచ్చేది ఇంటర్‌చేంజ్ నుంచే కాబట్టి ఈ బాధ ఉత్తది కాదు. 2017 జనవరిలో, పెద్ద నోట్ల రద్దు వేడి చల్లారకముందే, బ్యాంకులు కార్డు చెల్లింపుల మీద ఒక శాతం దాకా కోత మొదలుపెడతామంటే దేశవ్యాప్తంగా పెట్రోలు బంకుల డీలర్లు కార్డులు తీసుకోబోమని ప్రకటించారు. డీలరుకు లీటరు మీద వచ్చేది ప్రభుత్వ చమురు సంస్థలు కట్టిన కమీషన్ మాత్రమే. దాన్లోంచి శాతం కోసుకుంటే పెంచుకోవడానికి ధర అతని చేతిలో లేదు. బ్యాంకులు వెనక్కి తగ్గాకే ఆ గొడవ సద్దుమణిగింది.

చట్టం ఏమంటుందన్నది ఇంత తేలిగ్గా చెప్పలేం. 2013 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఒక ఆదేశం పంపింది. సున్నా శాతం వడ్డీ వాయిదాల పథకాలను ఆపమన్నది కూడా అందులోనే. డెబిట్ కార్డుతో కట్టేవాళ్ల దగ్గర కొన్న విలువలో ఇంత శాతం అని అదనంగా వసూలు చేసే దుకాణాలది తప్పనీ, అలాంటి దుకాణాలతో బ్యాంకులు సంబంధం తెంచుకోవాలనీ దాని సారం. 2017 డిసెంబరు ఆదేశం కూడా ఎండీఆర్‌ను వినియోగదారుల మీదికి మళ్లించకుండా చూడాల్సిన పూచీ బ్యాంకులదేనంది. కాబట్టి కార్డు మిషన్ మీద రెండు శాతం అడిగిన దుకాణం మీద ఫిర్యాదు చేయాలంటే, ఆ మిషన్ ఏ బ్యాంకుదో చూసి ఆ బ్యాంకుకు రాయాలి. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, తెలిసీ రాసేవాళ్లు ఇంకా తక్కువ. రెండు శాతం ఆదా కోసం ఎప్పుడూ కొనే కొట్టు మీద బ్యాంకుకు ఫిర్యాదు చేసేంత తీరికా కోపమూ ఎవరికుంటాయి?

ఆన్‌లైన్‌లో అయితే ఈ నిషేధాన్ని దాటడానికి పేరు మారిస్తే చాలు. ‘ఎండీఆర్’ అని రాస్తే తప్పు. ‘కన్వీనియన్స్ ఫీజు’ అని రాస్తే అది వేరే సేవకు రుసుము. ఇంటి నుంచి కదలకుండా టికెట్ కొనుక్కునే సౌకర్యానికి ఖరీదు అన్నమాట. 2020 మార్చిలో పేమెంట్ అగ్రిగేటర్లకు నిబంధనలు రాసినప్పుడు రిజర్వ్ బ్యాంకు ఈ రుసుములను వద్దనలేదు. ఎండీఆర్ ఆదేశాలను పాటించాలని, కన్వీనియన్స్ ఫీజు, హ్యాండ్లింగ్ ఫీజు లాంటివేమైనా ఉంటే ముందుగానే చూపించాలని చెప్పి వదిలేసింది. ఒక రకంగా ఇది ఆ రుసుములకు రాజముద్ర వేసినట్టే.

దీనికి అందరూ ఎరిగిన ఉదాహరణ రైలు టికెట్. ఐఆర్‌సీటీసీలో ఒకప్పుడు స్లీపర్ టికెట్‌కు 20 రూపాయలు, ఏసీ టికెట్‌కు 40 రూపాయలు సర్వీసు ఛార్జీ ఉండేది. 2016 నవంబరులో నోట్ల రద్దు తర్వాత, జనాన్ని డిజిటల్ చెల్లింపుల వైపు మళ్లించడానికి దాన్ని ఎత్తేశారు. 2019 సెప్టెంబరు 1 నుంచి మళ్లీ పెట్టారు: నాన్ ఏసీకి 15, ఏసీకి 30, యూపీఐతో కడితే 10, 20. దీనికి జీఎస్టీ కలిపితే టికెట్ మీద కనిపించే 17 రూపాయల 70 పైసలు, 35 రూపాయల 40 పైసలు వస్తాయి. కార్డుతో కట్టినప్పుడు పడే బ్యాంకు లావాదేవీ ఛార్జీ ఇందులో లేదు, అది వేరే. పైగా ఈ ఫీజు టికెట్‌కు ఇంత అనే గానీ, మనిషికి ఇంత అనీ కాదు, ఛార్జీలో ఇంత శాతం అనీ కాదు. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు స్లీపర్‌లో ఒక్కరు వెళ్లినా, విజయవాడ నుంచి ఢిల్లీకి అదే స్లీపర్‌లో కుటుంబమంతా ఒక్క టికెట్ మీద వెళ్లినా అదే మొత్తం. డబ్బు చేర్చడానికి అయ్యే ఖర్చుకూ దీనికీ చుట్టరికం లేదనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఆ సాక్ష్యం కావాలన్నా 2021 అక్టోబరులో దొరికింది. కన్వీనియన్స్ ఫీజు రాబడిలో సగం తమకు ఇవ్వాలని రైల్వే శాఖ ఐఆర్‌సీటీసీకి చెప్పింది. స్టాక్ మార్కెట్లో ఆ కంపెనీ షేరు ఒక్కసారిగా పడిపోయింది. మర్నాడే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. ఖర్చు కింద పోయే సొమ్మే అయితే సగం పంచమని అడిగే ప్రశ్నే రాదు, అడిగినా షేరు కొన్నవాళ్లు అంత కంగారుపడరు. ప్రయాణికులకు సౌకర్యపు రుసుముగా కనిపించేది మదుపరులకు లాభాల పద్దుగా కనిపించింది. ఈ విషయంలో మదుపరుల చూపే సరైనది.

సినిమా టికెట్ సంగతి ఇంకాస్త ముదిరి కోర్టులకెక్కింది. కొత్త సినిమా మొదటి రోజు ఆట చూడాలంటే తెలుగు ప్రేక్షకులకు నేడు ఆన్‌లైన్ తప్ప మరో దారి లేనట్టే. కౌంటరు తెరిచేసరికి సీట్లు అయిపోయి ఉంటాయి. అప్పుడు కట్టే రుసుము దేని సౌకర్యానికి? ఫీజు వద్దనుకుంటే హాలుకు వెళ్లి కొనుక్కోవచ్చు కదా అన్నది అమ్మే సంస్థల వాదన. ఆ రెండో దారి నిజంగా తెరిచి ఉన్నప్పుడే దానికి విలువ. మహారాష్ట్ర ప్రభుత్వం 2013, 2014లలో ఇచ్చిన ఉత్తర్వులతో ఆన్‌లైన్ సినిమా టికెట్ల మీద ఈ రుసుము తీసుకోకుండా ఆపింది. 2025 జులైలో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు, అంటే రాజ్యాంగం 19(1)(జి)కి అవి విరుద్ధమంది. చట్టం అండ లేకుండా ఉత్తర్వుతో ఒక రుసుమును ఆపలేరన్నది తీర్పులో ముఖ్యాంశం. ఎంత రుసుము న్యాయమన్నది అలాగే మిగిలిపోయింది.

యూపీఐ వచ్చాక చిన్న వ్యాపారికి ఈ తలనొప్పి చాలావరకు తీరింది. కూరగాయల బండి మీది క్యూఆర్ కోడ్‌కు ఎండీఆర్ లేదు. లేదంటే ఖర్చే లేదని కాదు. సర్వర్లకూ మనుషులకూ మోసాల నిఘాకూ బ్యాంకులు, యాప్‌లు డబ్బు పెడుతూనే ఉన్నాయి. అందులో కొంత భాగాన్ని ప్రభుత్వం ప్రోత్సాహకంగా ఇస్తుంది. 2024-25కు ఈ పథకం కింద 1,500 కోట్లు కేటాయించి, చిన్న వ్యాపారులకు జరిగే 2,000 లోపు చెల్లింపుల మీద 0.15 శాతం చొప్పున ఇస్తామన్నారు. అంటే ఆ ఖర్చు పన్నులు కట్టేవాళ్ల పద్దులోకి మారింది. యూపీఐ మీద ఛార్జీ వేస్తారన్న పుకారు 2025 జూన్‌లో గట్టిగా లేచినప్పుడు ఆర్థిక శాఖ అదేమీ లేదని ఖండించాల్సి వచ్చింది. పుకారుకు ఊపిరి మాత్రం పోలేదు, ఎందుకంటే చిన్న మినహాయింపులు అప్పటికే వచ్చాయి. వాలెట్‌లోంచి యూపీఐ ద్వారా 2,000 పైన కడితే 1.1 శాతం దాకా ఇంటర్‌చేంజ్ 2023 ఏప్రిల్ నుంచి ఉంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసి కడితే పెద్ద వ్యాపారులకు మామూలు కమీషన్ పడుతుంది. మెడికల్ షాపులో స్కాన్ చేస్తే ‘క్రెడిట్ కార్డు లింకు వద్దు, బ్యాంకు నుంచి కొట్టండి’ అనడం అందుకే.

ఇతర దేశాలు ఈ ముడిని ఒక్కో రకంగా విప్పాయి. ఆస్ట్రేలియా 2003 నుంచి వ్యాపారులు కార్డు ఛార్జీని విడిగా వసూలు చేసుకోవచ్చంది. కొనేవాళ్లకు ఖర్చు కనిపిస్తే చౌక దారి ఎంచుకుంటారన్నది దాని ఆలోచన. విమాన సంస్థలు, టాక్సీలు దాన్ని ఆదాయ మార్గం చేసుకోవడంతో 2016లో అసలు ఖర్చుకు మించి వసూలు చేయకూడదని చట్టం తేవాల్సి వచ్చింది. ఐరోపా సమాఖ్య రెండడుగుల్లో నడిచింది. ముందు 2015లో ఇంటర్‌చేంజ్‌ను డెబిట్‌కు 0.2 శాతం, క్రెడిట్‌కు 0.3 శాతం దగ్గర కట్టేసింది. ఆ తర్వాతే 2018 జనవరి 13 నుంచి సాధారణ వినియోగదారుల కార్డుల మీద అదనపు ఛార్జీని నిషేధించింది. ఈ వరుసే తెలివైనది. కమీషన్‌కు కళ్లెం వేయకుండా అదనపు వసూలును మాత్రం ఆపితే ఆ రెండు శాతం చీర ధరలోనే దాక్కుంటుంది. మన దగ్గర డెబిట్ కార్డుకు ఐరోపా పద్ధతి ఉంది. క్రెడిట్ కార్డుకు కళ్లెం లేదు. అదనపు వసూలు విషయంలో వ్యాపారి సంతకం పెట్టిన ఒప్పందం ఒకటుంటుంది, ఎవరూ చదవరు.

అమెరికాలో ఇది మాటల యుద్ధంగా నడిచింది. నగదుకు తగ్గింపు ఇవ్వవచ్చు గానీ కార్డుకు అదనం వేయకూడదని 1970ల నుంచి 1984 దాకా అక్కడి కేంద్ర చట్టం. 100 డాలర్ల వస్తువును కార్డుకు 103 అన్నా, 103 వస్తువును నగదుకు 100 అన్నా జేబులోంచి పోయేది ఒక్కటే. కానీ జనానికి ఒక్కటి కాదు: తగ్గింపు పోగొట్టుకోవడం కన్నా అదనం కట్టడం ఎక్కువ బాధిస్తుంది. కార్డు కంపెనీలు తేడా ఉంటే దాన్ని నగదుకు తగ్గింపుగానే పిలవాలని పట్టుబట్టడానికి ఇదే కారణమని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లోనే ఎత్తిచూపారు. ఆయనకు 2017లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు అక్కడ చాలా రాష్ట్రాల్లో క్రెడిట్ కార్డుకు అదనం వేయవచ్చు. వీసా తన కార్డులకు పెట్టిన గరిష్ఠం 2023 నుంచి 3 శాతం. కార్డుతో కనీసం 10 డాలర్లు కొనాలన్న కాగితం అక్కడి దేశీ కిరాణా కొట్ల గల్లా దగ్గర కనబడుతుంది. దానికి 2010 చట్టం అనుమతి ఉంది.

విడిగా చూపించకుండా ధరలో కలిపేస్తే ఎవరికీ నష్టం లేదనుకోవడం తప్పు. బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు పరిశోధకులు 2010లో ఒక లెక్క తేల్చారు. అమెరికాలో నగదుతో కొనే కుటుంబం సగటున ఏడాదికి 149 డాలర్లు కార్డులవాళ్లకు సమర్పించుకుంటోంది; కార్డు వాడే కుటుంబానికి 1,133 డాలర్లు అందుతున్నాయి. ధర అందరికీ ఒకటే, రివార్డు పాయింట్లు కొందరికే కాబట్టి ఇలా జరుగుతుంది. మన దేశంలో క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు జనాభాలో చిన్న భాగమే గనక, అదే ధరకు నగదు లెక్కపెట్టి ఇచ్చే కూలీ కుటుంబం విమానాశ్రయం లాంజ్‌లో ఎవరి టిఫిన్‌కో కొంత చెల్లిస్తోందని అనడంలో అతిశయోక్తి తక్కువే. అయితే నగదుకూ ఖర్చుంది: లెక్కపెట్టాలి, చిల్లర వెతకాలి, దొంగనోటు చూసుకోవాలి, బ్యాంకుకు మోయాలి. ఆన్‌లైన్ సంస్థలు సరుకు ముట్టాక డబ్బిచ్చే క్యాష్ ఆన్ డెలివరీకి అదనంగా వసూలు చేసేది ఈ పేరు చెప్పే. 2025 అక్టోబరులో ఈ అదనం మీద ఫిర్యాదులు వస్తున్నాయని, విచారణ జరుపుతున్నామని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి ప్రహ్లాద్ జోషి ప్రకటించారు. కార్డుకు ఫీజు, నగదుకు ఫీజు రెండూ వేసే చోట ఇక అది చెల్లింపు ఖర్చు కాదు, ధరే.

ధరను ముక్కలు చేసి ఒక్కో పేజీలో ఒక్కోటి చూపించడాన్ని 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధ జాబితాలో చేర్చింది. డార్క్ ప్యాటర్న్‌ల పేరుతో ప్రకటించిన 13 కపట పద్ధతుల్లో డ్రిప్ ప్రైసింగ్ ఒకటి. ముందొక ధర చూపి, పేరూ చిరునామా అన్నీ నింపాక చివర్లో మరో ధర చెప్పడం దాని లక్షణం. ఈ నియమం రుసుము తీసుకోవద్దనదు, మొదటే చెప్పమంటుంది. వాట్సాప్‌లో చీర ఫొటో కిందే ‘ఫోన్‌పే, గూగుల్ పే అయితే 2,500, కార్డు అయితే 2,560’ అని రాసే మంగళగిరి ఇల్లాలు ఈ లెక్కన పెద్ద కంపెనీలకన్నా నియమం బాగా పాటిస్తున్నట్టు.

చివరగా, సరుకు తిరిగొచ్చినప్పుడు. చీర రంగు ఫొటోలోలా లేదని వెనక్కి పంపితే ఇల్లాలు 2,500 తిరిగి ఇచ్చేయాలి. గేట్‌వే మాత్రం తను పట్టుకున్న కమీషన్‌ను సాధారణంగా వెనక్కి ఇవ్వదు, డబ్బు చేర్చే పని అయిపోయింది కదా అంటుంది. రైలు టికెట్‌దీ అదే పద్ధతి. చార్టు తయారయ్యేదాకా ఖరారు కాని వెయిటింగ్ లిస్టు టికెట్ దానంతటదే రద్దయి ఛార్జీ వెనక్కి వచ్చినా కన్వీనియన్స్ ఫీజు రాదు. ప్రయాణం లేకపోయినా సౌకర్యం అందిందని దాని అర్థం కాబోలు. కమీషన్‌ను ధరలో కలిపినచోట తిరిగొచ్చిన సరుకు నష్టం అమ్మేవాళ్లది, విడిగా తీసుకున్నచోట కొనేవాళ్లది. ‘నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్’ అని చిన్న వ్యాపారులు ముందే రాసుకోవడానికి కొరియర్ ఖర్చుతో పాటు ఈ 59 రూపాయలూ ఒక కారణం.